బండిని లాగు బలము: వించి యంత్రమును ఎన్నుకొను విధము



సింహభూమి సీమలో వానకాలము ప్రవేశించినదనగా ఆదిత్యపూరు నుండి అడవిదారి పట్టు ప్రతి జీపు వెంట ఇంటివారి చింత యొకటి బయలుదేరును. ఖర్కాయి నదికి ఆవల జంషెడ్‌పూరులో తారురోడ్లు కలవు. కాని ఉద్యోగధర్మము తారురోడ్డుతో ముగియదు. ఖనిజములను వెదకువారు, జనగణనకు పోవువారు, ఎన్నికల సామగ్రితో వెళ్లువారు సారండా అడవులలోనికిని, దల్మా కొండల పాదమునకును పోవలసియే యుందురు. అచ్చట ఎఱ్ఱమన్ను వానకు నానినచో బంకవలె చక్రములను పట్టుకొనును. వాగు నడుమ ముందుచక్రములు దిగబడినవి; ప్రొద్దు గ్రుంకినది; ఎగువన కురిసిన వానకు నీరు పెరుగుచున్నది. అట్టి వేళ బండి ముందు బిగించిన వించి ఆత్మబంధువువలె ఆదుకొనును. తెలియక కొన్నను, తెలియక వాడినను అదే వించి ప్రాణము తీయగలదు. కనుక దానిని ఎన్నుకొనుట కేవలము అంగడిబేరము కాదు.

వించి యన నేమి? ఒక డ్రమ్ము, దానికి చుట్టిన మోకు, డ్రమ్మును త్రిప్పు శక్తి, ఆ శక్తిని హెచ్చించు పండ్లచక్రములు. ఇంతకుమించి అందులో మర్మము లేదు. తెలుగు పల్లెలలో కపిలబావిని చూచినవారికి ఇది క్రొత్త వస్తువు కాదు. ఎద్దులు వాలుదారిలో దిగుచుండగా మోకు గిలక మీదుగా బానను పైకి తెచ్చును. ఎద్దుల సత్తువ, మోకు గట్టిదనము, గిలక నిలుకడ, దూలము పట్టు, ఈ నాలుగును పొసగినప్పుడే మడికి నీరు. మోకు చివికిన బావికి మేలుజాతి ఎద్దులను కట్టిన రైతును ఎవరును తెలివిగలవాడనరు. వించి విషయమునను ధర్మమిదియే. అంగడివాడు చూపు పెద్ద అంకె యంత్రము బలము కాదు. మోటారు, మోకు, కొక్కెము, బిగింపు, మోకు కట్టిన చెట్టు, వీనిలో అన్నిటికన్న బలహీనమైనదేదియో దాని బలమే యంత్రము బలము.

జీపు రెండవ ప్రపంచయుద్ధకాలమున పుట్టిన బండి. స్వాతంత్ర్యము వచ్చిన కొలదికాలమునకే బొంబాయిలో మహీంద్రావారు విల్లీస్ జీపులను కూర్చ నారంభించిరి. తొలినాళ్ల వించులు ఇంజనుతోనే తిరుగునవి. అమెరికాలో 1948లో ఆర్థర్ వార్న్ నెలకొల్పిన సంస్థ మొదట యుద్ధానంతరము మిగిలిన జీపులకు చక్రపు హబ్బులను చేసి, 1959లో విద్యుత్తుతో పనిచేయు వించిని సామాన్యుల బండ్లకు అందుబాటులోనికి తెచ్చెను. నేడు అడవిబండ్లపై కనబడు వించులలో ఎక్కువభాగము ఆ జాతివే.

ఎన్నికలో మొదటి ప్రశ్న బండి బరువు. ఖాళీబండి బరువు కాదు, నిండుబండి బరువు. నూనె, నీరు, పనిముట్లు, గుడారము, ఐదుగురు మనుష్యులు, వారి పెట్టెబేడ, అన్నియు లెక్కలోనికి రావలెను. ఆ మొత్తమునకు ఒకటిన్నర రెట్లకు తక్కువగాని బలముగల వించిని కొనవలెనని అనుభవజ్ఞుల నియమము. నిండుబరువు 2,000 కిలోలైనచో 3,000 కిలోలు లాగునది కావలెను. అంగళ్లలో ఈ బలమును పౌన్లలో చెప్పుట వాడుక. 6,000 పౌన్లనగా సుమారు 2,720 కిలోలు. అది చాలదు. తరువాతి మెట్టు 8,000 పౌన్లది, అనగా సుమారు 3,630 కిలోలు. అది సరిపోవును. 1,550 కిలోల నిండుబరువుగల చిన్నబండికి 6,000 పౌన్లదియే చాలును. అవసరమునకు మించినదానిని బిగించినచో దాని బరువు ముందు ఇరుసుపై పడి, స్ప్రింగులు క్రుంగి, బండి బురదలో మరింత సులభముగా దిగబడును.

ఒకటిన్నర రెట్లే యెందులకు? చదునైన గట్టినేలపై బండిని కదపుటకు దాని బరువులో అల్పభాగము చాలును. బురదలో లెక్క వేరు. అమెరికా సైన్యమువారి బండ్ల ఉద్ధరణ గ్రంథములలో ఒక స్థూలగణన కలదు. చక్రముల మేర దిగబడిన బండిని లాగుటకు బండి బరువంత బలము వలయును. మడ్గార్డుల వరకు దిగబడినచో రెండురెట్లు. క్యాబిను వరకు మునిగినచో మూడురెట్లు. దీనికి తోడు గట్టు ఎక్కింపవలసియున్నచో వాలు భారము చేరును. 15 డిగ్రీల వాలునకు అది బండి బరువులో సుమారు నాలుగవ వంతు. పైని చెప్పిన 2,000 కిలోల జీపు చక్రముల మేర దిగబడి, అట్టి గట్టు ఎక్కవలసియున్నచో 2,000కు మరి 520 చేర్చి, 2,520 కిలోల లాగుడు కావలెను. 3,630 కిలోల వించికి ఇది సులభమని తోచును. తోచినంత సులభము కాదు.

ఏలయనగా, యంత్రముపై వ్రాసిన అంకె డ్రమ్ముపై మోకు మొదటి వరుసలో నున్నప్పుడే చెల్లును. మోకు వరుసపై వరుసగా చుట్టుకొన్నకొలది డ్రమ్ము లావెక్కును. మోటారు త్రిప్పుబలము మారదు కనుక మోకు లాగుడు తగ్గును. నాలుగవ వరుసకు వచ్చునప్పటికి బలములో మూడింట రెండువంతులు మాత్రమే మిగులుననుకొనవచ్చును. 3,630 కిలోలది 2,400 కిలోలదగును. కావలసినది 2,520! ఎదుట చెట్టు దగ్గరగా నున్నదని సంతోషించి, నాలుగు బారల మోకు మాత్రము విప్పి లాగినవాని వించి ఆగిపోవును. దూరపు చెట్టునకు కట్టి, మోకు మిక్కిలిగా విప్పినవాని వించి అదే బండిని బయటకు తెచ్చును. అయితే మోకునంతయు విప్పరాదు. ఉక్కుమోకైనచో కనీసము ఐదుచుట్లు డ్రమ్ముపై నిలువవలెను. మోకును పట్టియుంచునది ఆ చుట్ల రాపిడియేగాని, కొసను బిగించిన చిన్న మర కాదు.

దూరపు చెట్టు లేనప్పుడు కప్పీ ఆదుకొనును. ఒక్క మనుష్యుడు కప్పీలను కూర్చి నిండునౌకను ఒడ్డునకు లాగెనని ఆర్కిమిడీసును గూర్చి ప్లూటార్కు వ్రాసిన కథ ప్రసిద్ధము. జీపునకు అంతటి ఏర్పాటు అక్కరలేదు. స్నాచ్ బ్లాకు అనబడు, ప్రక్కపలక తెరచుకొను కప్పీ ఒకటి చాలును. దానిని చెట్టునకు కట్టి, మోకును దాని మీదుగా మరలించి బండికే తగిలించినచో లాగుడు ఇంచుమించు రెట్టింపగును, వేగము సగమగును. మోకు రెండింతలు విప్పవలసివచ్చుట వలన డ్రమ్ముపై వరుసలు తగ్గి, బలము మరికొంత పెరుగును. కాని ఒక్కటి మరువరాదు. అప్పుడు చెట్టుపైనను, కప్పీని పట్టియుంచు షాకిలుపైనను పడు భారము కూడ రెట్టింపు. కనుక వించికొరకు దాచిన సొమ్ములో మొదట కప్పీకి, షాకిళ్లకు, చెట్టునకు చుట్టు వెడల్పుపట్టీకి వేరుగా తీసియుంచి, మిగిలినదానితో వించిని కొనుట వివేకము. 12,000 పౌన్ల వించి కొని కప్పీ కొననివాని కంటె, 8,000 పౌన్ల వించితో కప్పీ ఉన్నవాడే బలవంతుడు.

రెండవ ప్రశ్న, వించిని త్రిప్పు శక్తి యెచ్చటినుండి వచ్చును? ఇంజను శక్తిని గేరుపెట్టె నుండి తీసికొను వించియు, స్టీరింగు పంపు నూనె ఒత్తిడితో తిరుగు వించియు గంటలకొలది అలయక పనిచేయును. ప్రతిదినము దుంగలు లాగువారికి అవియే తగినవి. కాని వాగులో ఇంజను నీరుత్రాగి ఆగిపోయినచో అవియు ఆగిపోవును. విద్యుత్తు వించికి ఆ లోపము లేదు. బ్యాటరీలో సత్తువ ఉన్నంతవరకు ఇంజను ఆగినను కొంతసేపు లాగగలదు. దాని లోపము ఆకలి. నిండుభారమున 12 వోల్టుల వించి 400 ఆంపియర్ల వరకు త్రాగును. బండిలోని ఆల్టర్నేటరు దానిలో నాలుగవవంతు ఇచ్చుటయే గొప్ప. మిగిలినది బ్యాటరీ నుండి పోవలెను. అందుచేత ఇంజను నడచుచుండగనే లాగుట, ఒక నిమిషము లాగి కొంతసేపు విశ్రాంతి యిచ్చుట, మోటారును చేతితో ముట్టి వేడి చూచుట తప్పనిసరి. ముసలి బ్యాటరీగల బండికి క్రొత్త వించిని బిగించుట బక్కయెద్దునకు పెద్దనాగలి కట్టుటయే.

మోటారులలో అయస్కాంతపు మోటారు వెల తక్కువ. కొలదిపాటి పనికి చాలును. వేడెక్కినచో బలము తగ్గును. తీగచుట్టల సిరీస్ మోటారు భారమైన లాగుడునకు ఓర్చును. పండ్లచక్రములలో గ్రహగతి పద్ధతివి చిన్నవి, తేలిక, వేగము గలవి. నేటి వించులలో అధికభాగము ఇవే. మరచుట్టు పద్ధతివి నెమ్మది. కాని మోటారు ఆగినచో భారమును తామే పట్టి నిలుపును. వాలున బండిని నిలుపవలసినవారు ఈ గుణమును గుర్తింపవలెను. వేగమును చూచి మురియవలసిన పనిలేదు. నిండుభారమున ఏ మంచి వించియైనను నిమిషమునకు కొలది మీటర్లకు మించి లాగదు. ఆ నిదానమే కాపాడును.

మూడవ ప్రశ్న మోకు. ప్రాణముతో ముడివడిన ప్రశ్న యిదియే. జర్మనీలో హార్జ్ పర్వతముల గనులలో ఇనుపగొలుసులు హఠాత్తుగా తెగి ప్రమాదములు జరుగుచుండగా, విల్‌హెల్మ్ ఆల్బర్ట్ అను గనుల అధికారి 1834లో ఇనుపతీగలను పురులుగా పేని మోకును చేసెను. గొలుసులో ఒక్క కొండి తెగినచో అంతయు తెగును. తీగమోకులో ఒక్క తీగ తెగినను మిగిలినవి భారమును పంచుకొని, మనుష్యునికి హెచ్చరికయిచ్చును. ఆ హెచ్చరికను చదువనేర్చినవారికి ఉక్కుమోకు నమ్మదగిన నేస్తము. రాతిపై రాచుకొన్నను, ఎండలో పడియున్నను అది ఓర్చును. కాని తెగిన తీగలు ముండ్లవలె లేచి అరచేతులను చీల్చును. తోలు చేతితొడుగులు లేక దానిని ముట్టరాదు. నలిగి మడతపడిన మోకు మరల సరిచేసినను పూర్వపు బలము రాదు.

అంతకన్న పెద్ద దోషము వేరొకటి కలదు. లాగబడిన ఉక్కుమోకు వింటినారి వంటిది. తెగినచో దానిలో దాగిన శక్తి అంతయు ఒక్కసారి విడుదలయై, తెగిన కొస కొరడావలె వెనుకకు వచ్చును. క్రేనులో మోకునకు మోయు భారము కంటె నాలుగైదు రెట్లు బలముండునట్లు చూతురు. జీపు వించిలో అంతటి మిగులు లేదు. మోకు తెగు బలము మోటారు లాగు బలమునకు కొంచెము మాత్రమే హెచ్చు. మనుష్యులను ఎత్తుటకు ఈ వించిని ఎన్నడును వాడరాదనుటకు కారణమిదియే.

డైనీమా మొదలగు పేర్లతో వచ్చు కృత్రిమమోకు ఒక విధమైన పాలీఎథిలీన్ నారతో చేయబడును. అదే మందమున్న ఉక్కుమోకునకు బలములో తీసిపోదు, బరువు మిక్కిలి తక్కువ, నీటిపై తేలును. ఎక్కువ సాగదు కనుకను, తేలిక కనుకను, తెగినప్పుడు ఉక్కువలె విసురుగా రాదు. దాని శత్రువులు మూడు: వేడి, ఎండ, ఇసుక. సుమారు 145 డిగ్రీల వేడికి నార కరగును. అంతకు చాల ముందే బలము కోల్పోవును. డ్రమ్ము లోపల బ్రేకుగల వించిలో బండిని వాలున దింపునప్పుడు డ్రమ్మే కాలును గనుక, అట్టివానికి వేడికోర్చు తొడుగుగల మోకు కావలెను. సింహభూమి ఎఱ్ఱగులకరాయి నారలో చొరబడి లోపలినుండి కోయును. ప్రయాణమైన పిమ్మట నీటితో కడిగి నీడన ఆరబెట్టవలెను. ఉక్కుమోకు రాచి గరుకెక్కిన రోలర్ల మీదుగా దీనిని పోనీయరాదు. నునుపైన అల్యూమినియము ద్వారము బిగింపవలెను. ఇంత సేవ చేయగలవారికి, ప్రాణరక్షణ దృష్టితో చూచినచో, కృత్రిమమోకే ఉత్తమము. ఒకనాడొకరు, మరునాడు వేరొకరు నడుపు కార్యాలయపు బండి ఎండకు ఎండుచు వానకు తడియుచు నుండునదైనచో, ఉక్కుమోకే మేలు. అయితే అందఱికిని ఒకే కట్టుబాటు ఉండవలెను.

నాలుగవ ప్రశ్న బిగింపు. ఆదిత్యపూరులో ఇది కష్టము కాదని పలువురు తలతురు. మోటారుబండ్ల విడిభాగములు చేయు కార్ఖానాలకు పేరుపడిన ఊరిలో ఒక ఇనుపపలకను కోసి అతుకువాడు దొరకకపోవునా? దొరకును. కాని అతుకు అందముగా నుండుట వేరు, మూడువేల కిలోల లాగుడునకు ఆగుట వేరు. వించి పలక బండి చాసిస్ దూలములు రెండింటికిని పట్టవలెను. బంపరునకు మాత్రము పట్టరాదు. బోల్టులు తయారీదారు చెప్పిన తరగతివే కావలెను. సామాన్యముగా అది 8.8 తరగతి. గాలిసంచులుగల క్రొత్తబండ్లలో ముందుభాగమున గట్టి ఇనుపకమ్ములు చేర్చుట ప్రమాద సమయమున వాని పనికి అడ్డుపడవచ్చును. అనుమతిలేని క్రాష్‌గార్డులపై 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను క్రింద చర్య తీసికొనవలెనని కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ 2017 డిసెంబరులో రాష్ట్రములకు వ్రాసెను. ప్రభుత్వోద్యోగి బండి చట్టమునకు లోబడియుండుట మరింత ముఖ్యము. కొనుటకు ముందే రవాణా కార్యాలయమున అడిగి తెలిసికొనుట వలన తరువాతి చిక్కులు తప్పును.

ఇన్ని చిక్కులు వినిన పిమ్మట, ఏడాదికి ఒకటి రెండు మారులు మాత్రమే అడవికి పోవు గృహస్థునకు ఒక సందేహము కలుగును: ఈ యంత్రము అవసరమా? న్యాయమైన సందేహమే. అట్టివారికి టిర్ఫర్ అను పేర వ్యవహారములోనున్న చేతి వించి చాలును. పొడుగుమీటను ముందువెనుకలకు ఆడింపగా, లోపలి రెండు దౌడలు ఒకదాని తరువాత నొకటి మోకును పట్టి లాగును. 1,600 కిలోలు లాగునది ఇద్దఱు మోసికొనిపోదగినది. కప్పీ తోడైనచో మూడువేలకు దరిదాపుగా లాగును. దానికి బ్యాటరీ అక్కరలేదు, బంపరు కోయనక్కరలేదు, చట్టముతో పేచీ లేదు. విద్యుత్తు వించి ముందుకే లాగును; ఇది వెనుకకును లాగును. దిగబడిన బండికి తరచుగా క్షేమమైన దారి వచ్చినదారియే గదా! దీనికి కావలసినది ఓపిక ఒక్కటే.

ఏ వించి కొన్నను వాడుకలో కొన్ని నియమములు తప్పరానివి. మొదట పారతో చక్రముల ముందు బురదను తీయవలెను. పార చేసిన పని వించి చేయనక్కరలేదు. మోకును సాలవృక్షము మొదట, వెడల్పుపట్టీతో చుట్టి, షాకిలుతో కట్టవలెను. మోకును చెట్టునకు చుట్టి దాని కొక్కెమును దానికే తగిలించినచో మోకు నలుగును, చెట్టు బెరడు తెగును. చెట్టు లేనిచోట అదనపు చక్రమును లోతుగా పాతి దానికి కట్టవచ్చును. వేరొక బండికి కట్టునప్పుడు ట్రైలరు తగిలించు గుండుకు ఎన్నడును కట్టరాదు. అది విరిగినచో ఫిరంగిగుండువలె వచ్చును. మోకు నడుమ తడి గోనెసంచినో దుప్పటినో వేయవలెను. తెగినచో ఆ బరువు మోకును నేలకు దించును. లాగుడు సాగుచుండగా మోకును దాటరాదు. చాచిన మోకు పొడవుకంటె ఎక్కువ దూరమున అందఱును నిలువవలెను. ఆజ్ఞ యిచ్చువాడు ఒక్కడే యుండవలెను. పిల్లలు వేడుక చూడవత్తురు. వారిని మొదట పంపివేయవలెను.

ఇవియన్నియు చిన్నమాటలు. కాని వాగు నడుమ చీకటిపడునప్పుడు మనుష్యునికి పెద్దమాటలు గుర్తురావు, చేతికి అలవాటైన చిన్నపనులే గుర్తువచ్చును. అందుచేత వించిని కొన్ననాడే దానిని బిగించి మరచిపోరాదు. వానలకు ముందు ఒక సెలవుదినమున, పొడినేలపై, మోకునంతయు విప్పి, కడిగి, పరీక్షించి, మరల ఒత్తిడితో వరుసగా చుట్టి, కప్పీ కట్టి ఒకమారు లాగి చూడవలెను. ఇంటిలోని పెద్దపిల్లలును ఆనాడు దూరము నిలిచి నేర్చుకొందురు.

బరువు తెలిసి బలమును, బలము తెలిసి మోకును, మోకు తెలిసి కట్టును ఎన్నుకొన్నవాని బండి సారండా అడవినుండి ఆలస్యముగానైనను ఇంటికి వచ్చును. ఆదిత్యపూరులో దీపము వెలిగించి వాకిట నిలిచియున్నవారు కోరునది యంత్రము అంకె కాదు; చేతులు, కాళ్లు చెక్కుచెదరక తమవారు తిరిగివచ్చుట. వించిని ఎన్నుకొనువారు ఆ వాకిటిని తలచుకొని ఎన్నుకొందురు గాక!